వేటమాంసం తినవచ్చునా? ఒక ఫోటో నాకు నేర్పిన పాఠం



నేను పాస్టరును కాను, వేదాంత కళాశాలలో చదివినవాణ్ణీ కాను. ఘుబ్రాలో కాపురం ఉంటూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, శుక్రవారం ఘలాలో ఆరాధనకు వచ్చే మీలాంటి ఒక విశ్వాసిని. ఈ వ్యాసం రాయడానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు. అది మన సహవాసపు వాట్సాప్ గ్రూపులోనే జరిగింది కాబట్టి మీలో కొందరికి ముందే తెలుసు.

గత నవంబరులో ఆఫీసు పనిమీద అమెరికాలోని డెన్వర్ వెళ్ళాను. మా పెదనాన్నగారి అబ్బాయి చాలా ఏళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. అన్నయ్య ప్రతి ఏడాదీ ఎల్క్ వేటకు వెళ్తాడు. ఎల్క్ అంటే జింక జాతిలో చాలా పెద్దది, మన నల్లమల కణుజుకు దూరపు చుట్టం అనుకోండి. బాగా ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. ఆ శనివారం నన్నూ కొండల్లోకి తీసుకెళ్ళాడు. నాకు లైసెన్సు లేదు, తుపాకి ముట్టుకోలేదు. బరువు మోయడానికి తోడుగా వెళ్ళానంతే.

తెల్లవారుజామున అన్నయ్య కాల్చాడు. ఎల్క్ వెంటనే పడలేదు. చెట్లలోకి పరుగెత్తింది. మంచు మీద నెత్తుటి చుక్కలు చూసుకుంటూ దాదాపు గంటసేపు వెతికాం. ఆ గంటలో అన్నయ్య నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తున్నాడని అర్థమైంది. చివరికి దొరికింది, అప్పటికే ప్రాణం పోయింది. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాడు. నేను మాత్రం కొమ్ములు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, నవ్వుతూ ఫోటో తీయించుకున్నాను. సిగ్నల్ రాగానే మన గ్రూపులో పెట్టాను. కింద "ప్రభువు ఇచ్చిన విందు" అని రాశాను.

చాలామంది చప్పట్లు కొట్టారు. కొందరు మాంసం ఎలా ఉందని అడిగారు. మన సహవాసంలో పెద్దావిడ ఒకరు మాత్రం గ్రూపులో కాకుండా నాకు విడిగా రాశారు. "తమ్ముడూ, దాని కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. పిల్లలు కూడా ఈ గ్రూపు చూస్తారు. ఎందుకు నవ్వుతున్నావు?" అని.

నాకు కోపం వచ్చింది. వెంటనే ఆదికాండము 9వ అధ్యాయం 3వ వచనం పంపించాను. నోవహు కాలం నుంచి దేవుడే మాంసం తినమని ఇచ్చాడు కదా అన్నది నా వాదన. ఆమె ఒక్క మాటే బదులిచ్చారు. "ఆ వచనం నాకూ తెలుసు తమ్ముడూ. నేను అడిగింది తిండి గురించి కాదు, నవ్వు గురించి."

ప్రియులారా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి దాన్ని వెతుకుతున్నాను. దొరికినంతవరకు మీతో పంచుకుంటాను.

ముందుగా నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మీలో చాలామందికి ఇది అనుభవమే. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు, పేరు చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న "మీరు మాంసం తింటారా?" అన్నదే. తింటామంటే ఇల్లు లేదు. మన తాతలు తిన్న తిండిని చూపించి వాళ్ళను ఊరి చివర ఉంచారు. అందుకే మన పళ్ళెం గురించి ఎవరు ఏమడిగినా మనకు అవమానంలాగే వినిపిస్తుంది. వెంటనే వాక్యాన్ని డాలుగా అడ్డం పెట్టుకుంటాం. ఆ రోజు నేను చేసింది అదే. ఆ అక్క నన్ను తక్కువ చేయలేదు. పాత గాయం నా చేత మాట్లాడించింది. నిజమైన ప్రశ్న వేసిన మనిషికి, ఎప్పుడో అవమానించిన ఇంటి ఓనరుకు ఇవ్వాల్సిన జవాబు ఇచ్చాను.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. మాంసం తినడం పాపమా అంటే, బైబిలు అలా చెప్పడం లేదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం 5వ వచనంలో తినదగిన అడవి జంతువుల పేర్లు ఏడు ఉన్నాయి. దుప్పి, జింక, కొండగొర్రె లాంటివి. సొలొమోను భోజనపు బల్లకు రోజూ వచ్చేవాటిలో దుప్పులు, జింకలు ఉన్నాయని మొదటి రాజులు 4వ అధ్యాయంలో చదువుతాం. పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల ఎదుట కాల్చిన చేప తిన్నాడు. కాబట్టి వేటమాంసం తిన్న సహోదరుణ్ణి పాపి అనడానికి నాకు అధికారం లేదు. తినని సహోదరిని బలహీనురాలు అనడానికీ అధికారం లేదు. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు రెండు వైపులవారినీ మందలించాడు. తినేవాడు చిన్నచూపు చూడకూడదు, తిననివాడు తీర్పు తీర్చకూడదు.

అయితే నేను డాలుగా వాడిన ఆదికాండము 9వ అధ్యాయాన్ని ఈసారి మొదటినుంచి చివరిదాకా చదివాను. 3వ వచనంలో మాంసం ఇచ్చిన దేవుడు, 4వ వచనంలోనే రక్తం తినవద్దన్నాడు. ఎందుకంటే రక్తం ప్రాణానికి గుర్తు, ప్రాణం ఆయనది. అక్కడితో ఆగలేదు. 10వ వచనానికి వచ్చేసరికి దేవుడు నిబంధన చేస్తున్నాడు. నోవహుతో మాత్రమే అనుకుంటాం కదా? కాదు. పక్షులతో, పశువులతో, ఓడలోనుంచి బయటికి వచ్చిన ప్రతి జంతువుతో కూడా. ఏ అధ్యాయం మనకు మాంసం ఇచ్చిందో అదే అధ్యాయం ఆ జంతువును దేవుని నిబంధనలో చేర్చింది. మన పళ్ళెంలోకి వచ్చేది దేవుడు మాట ఇచ్చిన ప్రాణి. ఇన్నేళ్ళు నేను 3వ వచనం దగ్గరే ఆగిపోయాను.

ఇంకో వచనం నన్ను మరీ పట్టుకుంది. లేవీయకాండము 17వ అధ్యాయం 13వ వచనం ప్రత్యేకంగా వేటగాళ్ళ కోసమే ఉంది. వేటాడి జంతువునో పక్షినో పట్టుకున్నవాడు దాని రక్తం నేలమీద ఒలికించి, మట్టితో కప్పాలి. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించండి. అడవిలో అతను ఒక్కడే ఉన్నాడు. అక్కడ బలిపీఠం లేదు, యాజకుడు లేడు, చూసేవాడు ఎవడూ లేడు. ఆకలి మీద ఉన్నాడు. అయినా ముందు వంగి, చేతులతో మట్టి తీసి, ఆ నెత్తురును కప్పాలి. ఒక చిన్న సమాధిలాగా. తర్వాతే తిండి.

ధర్మశాస్త్రం కప్పమన్నదాన్ని నేను ఫోటో తీసి రెండు వందల మందికి పంపించాను. మనం ఇప్పుడు ధర్మశాస్త్రం కింద లేము, ఆ ఆచారం మనకు అక్షరాలా వర్తించదు అని మీరు అనవచ్చు. నిజమే. కానీ ఆ ఆజ్ఞ వెనుక ఉన్న దేవుని మనసు మారిందా? ఒక పిచ్చుక నేల రాలినా తండ్రికి తెలుసు అని ప్రభువే చెప్పాడు. అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. నేను నవ్వకూడని చోట నవ్వాను.

మన తాతయ్య సంగతి కూడా చెప్పాలి. మాది నల్లమల అంచున ఉన్న ఊరు. తాతయ్య కాలంలో నాటు తుపాకితో అడవి పందినో, కణుజునో కొట్టేవారట. వచ్చిన మాంసం వాటాలు వేసి, తుపాకి లేని ఇళ్ళకు ముందు పంపేవారని మా నాయనమ్మ చెప్పేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతాన్ని అభయారణ్యం చేశారు, 1983లో అది ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. తాతయ్య తుపాకి ఇచ్చేశారు. అడవినే నమ్ముకుని విల్లంబులతో బతికిన చెంచులకు అది అంత తేలికగా జరగలేదు. తరతరాల జీవనం ఒక్కసారిగా నేరమైపోయింది. వాళ్ళ బాధ నిజం. అడవి ఖాళీ అవుతున్న మాటా నిజం. ఈ రెండిటిలో ఏ ఒక్కటీ లేదని చెప్పి విషయాన్ని సులువు చేసుకోకూడదు. ఈ రోజు మన ఊళ్ళలో ఎవరైనా "పండగకు దుప్పి మాంసం తెప్పించాను" అంటే, అది చట్టవిరుద్ధం. విశ్వాసులమైన మనం అక్కడ చెయ్యి కడుక్కుని లేచిపోవడమే మంచిది.

మనం ఉంటున్న ఈ దేశం కథ మీకు తెలుసా? మన ఘుబ్రాలో అల్ మహా పెట్రోలు బంకులో పెట్రోలు పోయించుకుంటూ ఉంటాం. మహా అంటే అరేబియన్ ఒరిక్స్, పొడవాటి నిటారు కొమ్ములున్న తెల్లని జంతువు. ద్వితీయోపదేశకాండములోని ఆ ఏడు పేర్లలో ఒకటి ఇదే అయి ఉండవచ్చని కొందరు పండితులు అంటారు. మధ్య ఒమాన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ ఎడారిలో హరాసీస్ తెగవారు తరతరాలుగా దాన్ని వేటాడి తిన్నారు. అయినా అది అంతరించలేదు. బయటినుంచి మోటారు వాహనాల్లో, తుపాకులతో వేటగాళ్ళు వచ్చాక 1972లో అడవిలో చివరి ఒరిక్స్ కూడా లేకుండా పోయింది. అదృష్టవశాత్తూ 1962లోనే కొన్నిటిని కాపాడి అమెరికాలోని ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలలో పెంచుతూ వచ్చారు. వాటి సంతానాన్ని 1982లో మళ్ళీ ఇదే ఎడారిలో వదిలారు. కాపలాకు పెట్టింది ఎవరిని? ఒకప్పుడు వేటాడిన ఆ హరాసీస్ వారినే.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1994లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1996లో 450 దాకా ఉన్న ఒరిక్స్‌లు, దొంగవేట వల్ల తర్వాతి ఏళ్ళలో 65కు పడిపోయాయి. అభయారణ్యాన్ని 90 శాతం కుదించారు. 2007లో యునెస్కో దాన్ని జాబితానుంచి తీసేసింది. ఆ జాబితానుంచి ఒక స్థలాన్ని పూర్తిగా తొలగించడం అదే మొదటిసారి. గమనించండి, ఈ రెండోసారి దొంగవేట ఎక్కువగా మాంసం కోసం జరగలేదు. ప్రాణాలతో పట్టి, సొంత సేకరణల్లో పెట్టుకోవాలనుకునే డబ్బున్నవారికి అమ్మడానికి జరిగింది. ఆకలి కంటే ముందు, గొప్పగా చూపించుకోవాలనే కోరిక ఆ జంతువును తుడిచిపెట్టబోయింది. ఈ మాట చదివినప్పుడు నాకు నా ఫోటో గుర్తొచ్చింది. నేను ఏ చట్టమూ మీరలేదు. కానీ ఆ కోరిక నాలోనూ ఉంది.

ఇప్పుడు ఒమాన్‌లో వన్యప్రాణులను చంపడం, పట్టుకోవడం నిషేధం. 6/2003 రాజశాసనం దానికోసమే ఉంది. మన పిల్లలను ఎడారి క్యాంపింగుకు తీసుకెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పండి.

ఎల్క్ కథ కూడా ఇలాంటిదే. విచ్చలవిడి వేట వల్ల వంద ఏళ్ళ కిందట కొలరాడోలో ఎల్క్ దాదాపు కనుమరుగైంది. వయోమింగ్ నుంచి తెచ్చి వదిలి, వేటను కట్టడి చేశాక ఇప్పుడు అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు అక్కడ ఉన్నాయి. వేటగాడు ముందుగా శిక్షణ పొందాలి, లైసెన్సు తీసుకోవాలి, రైఫిల్ వేటలో దూరానికి కనిపించే నారింజ లేదా గులాబీ రంగు దుస్తులు వేసుకోవాలి. తినగలిగిన మాంసాన్ని పాడుచేయకుండా తెచ్చుకోవాలి. కొమ్ముల కోసం చంపి మాంసం వదిలేయడం అక్కడ పెద్ద నేరం. 1937నాటి ఒక చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను ఎక్కువగా వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది. అంటే అన్నయ్య చేస్తున్నది మన ఊరి దొంగవేట లాంటిది కాదు. ఇది న్యాయంగా చెప్పాలి.

ఆ సాయంత్రం వంట కూడా చెబుతాను, అడిగినవాళ్ళున్నారు కనుక. ముందుగా మాంసాన్ని త్వరగా చల్లబరచడమే అసలు పని, లేకపోతే పాడవుతుంది. జింక జాతికి వచ్చే ఒక మెదడు జబ్బు కొలరాడోలో ఉంది కాబట్టి అన్నయ్య ముందే పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజరులో పెడతాడు. ఆ రోజు మేము వండింది కిందటేడాది మాంసం. కండ మీది తెల్లటి పొర ఓపికగా తీసేయాలి, అది ఉంటే రబ్బరులా సాగుతుంది. కొవ్వు దాదాపు ఉండదు, అందుకే మన మటన్ కంటే నూనె కొంచెం ఎక్కువ పడుతుంది. వెన్నుకండను పెనం మీద రెండు వైపులా కాల్చి దింపేయాలి, ఎక్కువ ఉంచితే గట్టిపడుతుంది. కాలి మాంసాన్ని మాత్రం పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, మా వదిన గోంగూర వేసింది. చాలా రుచిగా ఉంది. అబద్ధం చెప్పను.

భోజనానికి ముందు అన్నయ్య ప్రార్థన చాలా సేపు చేశాడు. మొదటి ఏడాది తాను కొట్టిన ఎల్క్ గాయంతో తప్పించుకుపోయిందని, రెండు రోజులు వెతికినా దొరకలేదని, ఆ తర్వాత ఏడాది వేటకే వెళ్ళలేదని అప్పుడు చెప్పాడు. ఆ తర్వాత, "వచ్చే ఏడాది నువ్వూ శిక్షణ తీసుకో, లైసెన్సు తీసుకుందాం" అన్నాడు. నేను ఉత్సాహంగా సరేనన్నాను.

మస్కట్ వచ్చాక ఆ అక్క మాట నన్ను వదల్లేదు. అప్పుడు ఇంకో సంగతి కూడా తట్టింది. మా ఫ్రీజరులో ఎప్పుడూ రెండు కిలోల మటన్, రెండు చికెన్ ప్యాకెట్లు ఉంటాయి. వాటి గురించి ఎవరూ నన్ను అడగలేదు, నేనూ నన్ను అడగలేదు. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. కింద జరిగే క్లిష్టమైన పనినంతా ఒక పొర వెనుక దాచేసి, పైన ఒక బటన్ మాత్రమే చూపిస్తాం. వాడేవాడికి కింద ఏం జరుగుతుందో తెలియనక్కర్లేదు. హైపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టిన ట్రే అలాంటి బటనే. దాని కింద ఒక ప్రాణం ఉంది, ఒక కత్తి ఉంది, ఆ కత్తి పట్టుకుని నెల జీతానికి పనిచేసే ఒక పేద కూలీ ఉన్నాడు. ఎల్క్ కనీసం కొండల్లో స్వేచ్ఛగా తిరిగింది. నా చికెన్ ఎలా బతికిందో నాకు తెలియదు. అక్క నా ఎల్క్ ఫోటో చూసి బాధపడ్డారు. నేను మాత్రం కనిపించని వందల మరణాల మీద ఏ బాధా లేకుండా నిమ్మకాయ పిండుకుంటున్నాను.

అందుకని క్రిస్మస్ ముందు మునిసిపాలిటీ కబేళాకు మేకను తీసుకెళ్ళినప్పుడు, ఎప్పటిలా కారులో కూర్చోకుండా కొంచెం దూరంలో నిలబడి చూశాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. కోసిన మనిషి నా వైపు చూసి తల ఊపాడు. ఆయనకు దాని మీద ద్వేషమూ లేదు, నవ్వూ లేదు. ఆ మాంసం ఇంటికి తెచ్చాక మా ఇంట్లో ఒక్క ముక్క కూడా చెత్తబుట్టలో పడలేదు. మా ఏడేళ్ళ బాబు "నాన్నా, దానికి నొప్పి వేసిందా?" అని అడిగాడు. ఇదివరకైతే "అలాంటివి అడగకూడదు, తిను" అనేవాణ్ణి. ఈసారి "వేసింది నాన్నా. అందుకే థాంక్స్ చెప్పి తిందాం, పారెయ్యకుండా తిందాం" అన్నాను. వాడు ఆ రోజు తిన్నాడు. మర్నాడు వద్దన్నాడు. బలవంతం చేయలేదు.

అన్నయ్యకు ఏం చెప్పాలి? నన్ను నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. ఫోటో తీయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, కొమ్ములు తెచ్చుకోకూడదు అనే షరతు మీద వేటకు వెళ్తావా? నిజాయితీగా జవాబిస్తే, వెళ్ళను. మాంసం నాకు అవసరం లేదు. పన్నెండు వేల కిలోమీటర్ల అవతలినుంచి ఆకలితో ఎవరూ వేటకు వెళ్ళరు. నాకు కావలసింది ఆ కొమ్ములు పట్టుకున్న నేను. అన్నయ్య సంగతి వేరు. అతను ఏడాదంతా ఆ మాంసమే తింటాడు, పంచుతాడు, ఆ ప్రాణం బరువు మోస్తాడు. అతన్ని తప్పుపట్టను. కానీ నా ఉద్దేశం నాకు తెలిసిపోయింది కనుక, లైసెన్సు వద్దని ఫోన్ చేసి చెప్పాను. అతను నొచ్చుకోలేదు. "మోయడానికైనా రా" అన్నాడు. వస్తానన్నాను.

ఫోటో తీసేశాను. ఆ అక్కకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఆమె ఇప్పటికీ మాంసం తినరు, నేను ఇప్పటికీ తింటాను. కిందటి సహవాస భోజనంలో ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. నా పళ్ళెంలో మటన్, ఆమె పళ్ళెంలో పప్పుచారు. ప్రార్థన ఆమే చేశారు. మన కోసం ప్రాణం పోగొట్టుకున్న ప్రతి ప్రాణి కోసం కూడా స్తోత్రం చెప్పారు. ఇంతవరకు నేను ఏ భోజన ప్రార్థనలోనూ ఆ మాట వినలేదు. ఆమేన్ అన్నాను, కానీ ముద్ద ఎత్తడానికి కొంచెం సేపు పట్టింది.

ప్రియ చదువరీ, మీరు మాంసం మానేయాలని నేను చెప్పడం లేదు. ఈ వారం భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఇది ఎవరి ప్రాణం, దీన్ని ఎవరు ఇచ్చారు, నేను దీన్ని ఎలా తింటున్నాను అని అడగండి. ఆదికాండము 9వ అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి పూర్తిగా చదవండి, 3వ వచనం దగ్గర ఆగకుండా. యెషయా 11వ అధ్యాయంలో తోడేలు, గొర్రెపిల్ల కలిసి ఉండే రోజు గురించి కూడా చదవండి. మనం ఎదురుచూస్తున్న రాజ్యంలో ఎవరూ ఎవరికీ హాని చేయరు. అక్కడికి చేరేదాకా, తినేవాళ్ళం కృతజ్ఞతతోను, తిననివాళ్ళం ప్రేమతోను, ఒకే బల్ల దగ్గర కూర్చునే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.